పాత టైర్లలో పూలమొక్కలు: పాడి ఇంట గమనించవలసిన సంగతులు

ఈ మధ్య మేము తనిఖీకి వెళ్ళిన పాల సంఘాలలో చాలాచోట్ల ఒక కొత్త అలంకారం కనిపిస్తున్నది. పాల కేంద్రం మెట్లకు అటూ ఇటూ పాత టైర్లు పెట్టి, ఎర్ర రంగో పసుపు రంగో పూసి, మట్టి నింపి బంతి, మందారం, కనకాంబరం నాటుతున్నారు. సభ్యుల ఇళ్ళ ముందు కూడా ఇటువంటివి పెరిగాయి. చూపుకు ముచ్చటగా వున్నాయి. పెద్ద ఖర్చు లేదు. మట్టి కుండీ అయితే దూడ ఒక్క తన్ను తన్నితే పగులుతుంది. ప్లాస్టిక్ తొట్టి రెండు వేసవులు ఎండకు నిలిస్తే గొప్ప. టైరు మీద గేదె కాలు వేసినా దానికేమీ కాదు. పంచరు షాపు వెనుకా ట్రాక్టరు షెడ్డులోనూ ఊరికే పడివుండే వస్తువు ఇలా వాడుకలోకి రావడం మంచిదే.

అయితే పాడి వున్న ఇల్లు పట్నంలోని మేడ వంటిది కాదు. అక్కడ టైరు పక్కన వుండేది మొక్క ఒక్కటే. మన వాకిట్లో టైరు పక్కనే గడ్డి మోపు వుంటుంది, కుడితి తొట్టి వుంటుంది, నోటికి అందినదల్లా లాగే పశువు వుంటుంది. కనుక పట్నం వారికి అక్కరలేని జాగ్రత్తలు కొన్ని మనకు అవసరమవుతాయి. టైరులో మొక్కలు పెంచవద్దని మేము చెప్పడం లేదు. ఏ టైరు తీసుకోవాలి, దానిని ఎక్కడ కోయాలి, కోసిన ముక్కను ఏమి చేయాలి అన్నది తెలుసుకుని మొదలుపెట్టమంటున్నాము.

టైరులో ఏమున్నది

టైరంటే ఉత్త రబ్బరు కాదు. రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే అది ఎండకు జిగురుగా కరగకుండా, చలికి పెళుసెక్కకుండా గట్టిపడుతుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. గాలి నింపే టైరును 1888లో వాడుకలోకి తెచ్చినవాడు జాన్ బాయిడ్ డన్‌లప్. ఈయన వృత్తి రీత్యా పశువైద్యుడు. బెల్‌ఫాస్ట్ నగరంలో పశువులకు వైద్యం చేసేవాడు. కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని మొదట ఆ టైరు చేశాడు. పశువుల డాక్టరు చేతిలో రూపుదిద్దుకున్న వస్తువే ఇవాళ పశువుకు ఎట్లా ముప్పు తెస్తున్నదో ముందు చెప్పబోతున్నాము.

నేటి టైరులో చెట్టు రబ్బరు, కృత్రిమ రబ్బరు, నల్లరంగు నిచ్చే కార్బన్ మసి, గంధకం, జింక్ ఆక్సైడు, కొన్ని రకాల నూనెలు వుంటాయి. లోపల దారపు పొరలు, ఉక్కు తీగ వుంటాయి. రిమ్మును పట్టుకునే లోపలి అంచులో తీగల చుట్ట వుంటుంది. ఇది స్కూటరు టైరులోనూ వుంటుంది, టైరు బండి చక్రంలోనూ వుంటుంది. మిగిలిన భాగంలో తీగ వున్నదా లేదా అన్నది టైరు రకాన్ని బట్టి వుంటుంది. మనకు ముఖ్యమైన సంగతి ఇదే.

ఒకప్పుడు మన ఊళ్ళలో చెప్పులు కుట్టేవారు పాత టైర్లతో చెప్పులు, బావి చేదలు, మట్టి మోసే తట్టలు చేసేవారు. అవన్నీ నైలాను దారపు టైర్లు. కత్తికి లొంగేవి. రేడియల్ టైర్లు వచ్చాక ఆ పనికి చిక్కు వచ్చిపడింది. రేడియల్ టైరులో రోడ్డుకు ఆనే భాగం కింద ఉక్కు తీగల పట్టీలు వుంటాయి. తీగ అంటే కంచె తీగ వంటిది కాదు. వెంట్రుక కన్నా కొంచెం లావుగా, కుట్టుసూది కన్నా సన్నగా, స్ప్రింగు వలె గట్టిగా వుండే పోగులు. తుప్పు పట్టకుండా, రబ్బరును గట్టిగా పట్టుకునేలా వాటికి ఇత్తడి పూత వేస్తారు. అందువల్ల నేల మీద పడితే ఎండుగడ్డి పరకకూ దానికీ తేడా తెలియదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. టైరు పక్క గోడ మీద కొలత అచ్చువేసి వుంటుంది. ట్రాక్టరు వెనుక టైరు మీద 13.6-28 అన్నట్లుగా అంకెల మధ్య అడ్డగీత వుంటే అది నైలాను దారపు రకం. కారు టైరు మీద 145/80 తరువాత ఇంగ్లీషు 'ఆర్' అక్షరం, దాని తరువాత 12 వుంటే అది రేడియల్. ఆ అక్షరం చూడకుండా కత్తి పెట్టవద్దు. కారు రేడియల్ టైరుకు పక్క గోడలో సాధారణంగా దారమే వుంటుంది కనుక పక్క గోడను కోయవచ్చు. రోడ్డుకు ఆనే భాగాన్ని కోయకూడదు, చిల్లు కూడా పొడవకూడదు. లారీ, బస్సు రేడియళ్ళకు పక్క గోడలలో కూడా ఉక్కు తీగే వుంటుంది. వాటిని ఎక్కడా కోయవద్దు. రోడ్డుకు ఆనే భాగం అరిగి అరిగి తీగలు బయటపడ్డ టైరును, అది ఏ రకమైనా సరే, ఇంటికి తీసుకురాకండి. ఊరికే ఇస్తామన్నా వద్దనండి.

కోయడం, నింపడం

పశువుల పాకకు, గడ్డివాముకు దూరంగా టార్పాలిన్ పరచుకుని దాని మీద కోయాలి. చెప్పులు కుట్టేవారు తోలు కోసే పదునైన కత్తి చాలు. సబ్బు నీళ్ళు రాస్తూ కోస్తే కత్తి పట్టకుండా జారుతుంది. ఒక పక్క గోడనే, రోడ్డుకు ఆనే భాగానికి రెండు మూడు వేళ్ళ దూరంలో గుండ్రంగా కోసి తీయాలి. అప్పుడు మూతి వెడల్పు అవుతుంది. అంచు తీగతో సహా ఒక కడియం వలె ఊడివచ్చే ఆ ముక్కను మళ్ళీ ముక్కలు చేయవద్దు. అలాగే పాత సామాను వారికి ఇచ్చివేయండి. రెండవ పక్క గోడ అడుగున వుంటుంది. అందులో బొటనవేలు లావున ఆరేడు చిల్లులు పెట్టాలి. వడ్రంగి వద్ద డ్రిల్లు వుంటే పావుగంట పని. ఎర్రగా కాల్చిన చువ్వతో పొడిచేవారున్నారు. ఆ పొగ పీల్చదగినది కాదు.

పని అయ్యాక టార్పాలిన్ మీదా చుట్టుపక్కలా ఒక అయస్కాంతంతో తడమండి. పాడైన రేడియో స్పీకరు వెనుక వుండే గుండ్రటి అయస్కాంతం ఇందుకు చక్కగా పనికివస్తుంది. ఇత్తడి పూత వున్నా లోపల ఉక్కే కనుక తీగ ముక్కలు అంటుకుని వస్తాయి. ఇది అతి జాగ్రత్త అని కొందరు నవ్వారు. గేదె ఖరీదు ఎంతో వారే లెక్క చెప్పగలరు.

మట్టి విషయంలో పాడి రైతుకు చెప్పవలసినది తక్కువ. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు చాలు. పచ్చి పేడ వేస్తే వేడి పుట్టి వేళ్ళు చెడతాయి, తెల్లని లావు పురుగులు కూడా చేరతాయి. టైరు పెట్టదలచిన చోట ముందే పెట్టి, ఆ తరువాత నింపాలి. కారు టైరులో సుమారు 30 లీటర్ల మట్టి పడుతుంది; తడిసినప్పుడు ఇద్దరు పట్టుకుంటే కదులుతుంది. ట్రాక్టరు వెనుక టైరులో 400 లీటర్ల దాకా పడుతుంది. అది తడిస్తే అర టన్ను దాటుతుంది, ఇక దానిని ఎవరూ కదిలించలేరు. పాల కేంద్రం స్లాబు మీద ట్రాక్టరు టైర్లు వరుసగా పెట్టాలని ఒక సంఘంలో ఆలోచన చేశారు. ఆ పాత కట్టడం మీద అంత బరువు పెట్టవద్దని చెప్పి మాన్పించాము.

టైర్లలో మొక్కలు పెంచే పద్ధతి చలి దేశాలలో బాగా వ్యాపించింది. నల్లటి రబ్బరు ఎండను పీల్చి మట్టిని త్వరగా వెచ్చబరుస్తుందని అక్కడ టైరు మీద టైరు పేర్చి ఆలుగడ్డ కూడా వేస్తారు. వారికి గుణమైనది మనకు దోషం. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెల ఎండ ఎట్లా వుంటుందో చెప్పనక్కరలేదు. ఆ ఎండలో నల్లటైరు మీద చేయి పెట్టలేము. అంచును ఆనుకున్న వేళ్ళు మాడిపోతాయి. కనుక ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు వైపున పెట్టడం మంచిది. బయట తెల్లని లేదా లేత రంగు ఆయిల్ పెయింటు వేయాలి. సున్నం రబ్బరును పట్టుకోదు, రెండు వానలకు పోతుంది. మట్టి మీద వేరుశెనగ పొట్టో ఎండుటాకులో రెండంగుళాల మందాన పరచాలి.

తీగ, పశువు పొట్ట

మేము పశువైద్యులము కాము. కాని ముప్పై ఏళ్ళుగా సంఘాల పాల రిజిస్టర్లు చూస్తున్నాము. ఏ పశువుకు ఏమైనదో ఒక్కొక్కప్పుడు రిజిస్టరే ముందు చెబుతుంది. ఒక సంఘంలో ఒక సభ్యురాలు పూటకు ఐదు లీటర్లు తగ్గకుండా పోస్తూ వచ్చింది. ఒక సోమవారం ఉదయం మూడు లీటర్లు. సాయంత్రం రెండు. గురువారం నాటికి ఆమె పేరు ఎదుట గీత. ఆవు మేత ముట్టడం లేదన్నారు. దిష్టి అన్నవారున్నారు, అజీర్ణమన్నవారున్నారు. అజీర్ణపు పొడి వేశారు, సీసా మందు పోశారు. కొంచెం కోలుకున్నట్లే కోలుకుని మళ్ళీ పడిపోయింది. గంగడోలులో, దవడ కింద నీరు దిగింది. అప్పటికి ఆవు ఎనిమిది నెలల చూలుతో వున్నది. పశువైద్యుడు వచ్చి చూసి, ఆలస్యమైనదన్నాడు. భీమా కోసం పోస్టుమార్టం చేసినప్పుడు గుండె పొరలో వేలెడు తీగ గుచ్చుకుని కనిపించింది. ఆ ఇంట్లో గడ్డివాము మీద టార్పాలిన్ ఎగిరిపోకుండా చాలా ఏళ్ళ నుండి నాలుగు పాత టైర్లు పెట్టి వుంచారు. ఎండకు రబ్బరు చిట్లి, తీగలు కుచ్చులు కుచ్చులుగా వేలాడుతున్నాయి. కింద నుండి గడ్డి దూసినప్పుడల్లా ఒక్కొక్క పోగు గడ్డితో పాటు గాటికి చేరింది.

ఇది ఎట్లా జరుగుతుందో సభ్యులు తెలుసుకోవాలి. మేకా గొర్రే పెదవులతో ఏరుకుని తింటాయి. ఆవూ గేదే అట్లా కాదు. నాలుకతో చుట్టి లాగి, సరిగా నమలకుండానే మింగుతాయి. తీరికగా నెమరు వేస్తాయి. అందులో మేకు వున్నా, తీగ వున్నా నాలుకకు తెలియదు. మింగిన ఇనుప వస్తువు బరువుకు రెండవ పొట్టలోకి జారుతుంది. ఆ పొట్ట లోపలి గోడ తేనెపట్టు వలె గళ్ళు గళ్ళుగా వుంటుంది, ఆ గళ్ళలో తీగ మొన చిక్కుతుంది. ఆ పొట్ట నెమరు కోసం మాటిమాటికీ ముడుచుకుంటూ వుంటుంది. ముడుచుకున్నప్పుడల్లా మొన కొంచెం లోపలికి దిగుతుంది. ఆ పొట్టకు ముందు ఒక పలుచని పొర అడ్డు. ఆ పొరకు అవతలే గుండె. మధ్య దూరం నాలుగు వేళ్ళు వుంటే ఎక్కువ. చూలు పెరిగేకొద్దీ లోపలి నుండి ఒత్తిడి పెరుగుతుంది. అందుకే చూడి చివరి నెలలలోనూ, ఈనే సమయంలోనూ ఇది బయటపడడం ఎక్కువ.

గుర్తులు ఇవి. పాలు ఒక్కసారిగా పడిపోవడం, మేత మానడం, నెమరు తగ్గడం. పశువు వీపు విల్లు వలె పైకి వంచి, ముందుకాళ్ళ మోచేతులు బయటికి పెట్టి నిలబడుతుంది. పల్లానికి దిగడానికి, పడుకోవడానికి జంకుతుంది. పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మూలుగుతుంది. వీపు మీద చేతులతో చిదిమి కిందికి నొక్కితే వంగవలసిన పశువు వంగకుండా బిగుసుకుంటుంది. ఈ దశలో పశువైద్యుని పిలిపిస్తే దారి వున్నది. వేలెడు పొడవున్న నున్నని అయస్కాంతాన్ని పశువు చేత మింగిస్తారు. అది అదే పొట్టలో నిలిచి తీగను తన వైపు పట్టివుంచుతుంది. అవసరమైతే ఎడమ డొక్క కోసి, చేయి పెట్టి తీగను తీస్తారు. గంగడోలుకు నీరు దిగేదాకా ఆగితే గుండెకు చేరినదని అర్థం. ఆ తరువాత చేయగలిగినది స్వల్పం.

ఇది మన ఊళ్ళకే పరిమితమైన ఆపద కాదు. బ్రిటన్‌లో పాడి రైతులు పాతరగడ్డి మీద కప్పిన షీటు కదలకుండా ఎన్నో ఏళ్ళుగా పాత టైర్లు పేరుస్తూ వస్తున్నారు. ఆ టైర్లు చివికి వాటి తీగలు మేతలో కలిసి పశువులు చనిపోతున్నాయని అక్కడి పశువైద్యులు హెచ్చరిస్తున్నారు. మన సభ్యులలో కూడా మొక్కజొన్నతో పాతరగడ్డి వేసేవారు పెరిగారు. బరువుకు టైర్ల బదులు ఇసుక నింపిన సంచులు పెట్టండి. గడ్డి కోసే యంత్రం దగ్గర టైరు ముక్క ఏదీ వుండకూడదు. కాలికింద మెత్తగా వుంటుందని ఆ యంత్రం ముందు టైరు పరచినవారిని చూశాము, వెంటనే తీయించాము.

టైరును కోసి కుడితి తొట్టిగా వాడడం కూడా మానుకోవాలి. కుడితి పులిసిన పదార్థం, టైరులోని జింకు వంటివాటిని పుల్లని నీరు త్వరగా లాగుతుంది. పైగా గేదె అంచులు కొరికే అలవాటు మానదు. పూలమొక్కల టైర్లను కూడా కట్టివేసిన పశువు మెడ చాచితే అందనంత దూరంలో, అంటే కట్టుగొయ్యకు రెండు బారలకు తగ్గకుండా పెట్టాలి.

నీరు నిలిస్తే

ఖాళీ టైరును నిలబెట్టినా, పడుకోబెట్టినా వానపడితే నీరు లోపలికి పోతుంది. బయటికి రాదు. ఎండ తగలదు, గాలి తగలదు, చేప రాదు, కప్ప రాదు. కాళ్ళపై తెల్లచారలుండే ఏడిస్ దోమకు ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు. డెంగీ, చికున్‌గున్యా జ్వరాలను మోసేది ఈ దోమే. గుడ్లను నీటి అంచుకు కొంచెం పైన, టైరు లోపలి గోడకు అంటిస్తుంది. నీరు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్ళీ తడి తగిలితే పొదుగుతాయి. పొదిగిన తరువాత వారం పది రోజులలో దోమలై ఎగిరిపోతాయి. అందువల్ల టైరును ఒకసారి వంచి నీరు పారబోసినంత మాత్రాన పని పూర్తి కాలేదు. లోపలి గోడను చీపురుతో గట్టిగా రుద్దాలి. ఈ జాతికి దగ్గర చుట్టమైన పులిదోమ 1985లో అమెరికాలో హ్యూస్టన్ నగరం వద్ద స్థిరపడినట్లు కనుగొన్నారు. ఆసియా నుండి ఓడలలో వచ్చిన పాత టైర్ల వెంట అది సముద్రం దాటివచ్చిందని తేల్చారు. గుడ్లు ఎంత మొండివో దీనివల్ల తెలుస్తుంది.

2005 చివర, 2006లో రాయలసీమలో చికున్‌గున్యా వ్యాపించినప్పుడు కీళ్ళు పట్టుకుపోయి పాలు పితకలేక దూడలకు వదిలిపెట్టిన ఇళ్ళు మాకు గుర్తున్నాయి. సంఘాల వారు ఇందులో ఒక సంగతి ఆలోచించాలి. ఈ దోమ రాత్రి కుట్టేది కాదు. తెల్లవారిన తరువాత రెండు గంటలు, పొద్దు వాలేముందు రెండు గంటలు దీని జోరు ఎక్కువ. సరిగ్గా ఆ వేళలలోనే ఊరిలోని సభ్యులందరూ క్యాన్లు, చెంబులు పట్టుకుని పాల కేంద్రం ముందు వరుసలో నిలబడతారు. ఊరు మొత్తం రోజుకు రెండుసార్లు కలిసే చోటు ఊరిలో మరొకటి లేదు. ఆ ఆవరణలో మూల నాలుగు టైర్లు వానకు తడుస్తూ పడివుంటే, ఒకరి జ్వరం ఎన్ని ఇళ్ళకు పోతుందో వేరే చెప్పనవసరం లేదు. ఆరోగ్యశాఖ వారు ప్రతి శుక్రవారం నీటి తొట్లన్నీ ఖాళీచేసి ఆరబెట్టమని 'డ్రై డే' పేరుతో చెబుతున్నది ఇందుకే. పాల కేంద్రం ఆవరణను కూడా ఆ రోజు చూసుకోండి.

మట్టి నింపిన టైరుతో ఈ బెడద దాదాపు లేదు, అడుగు చిల్లులు పూడుకుపోనంత వరకు. పక్క గోడ కోయకుండా నింపేవారు లోపలి బోలులోకి చేత్తో మట్టి కూరాలి, లేకుంటే అక్కడ ఖాళీ మిగిలి తేళ్ళు చేరతాయి. రెండు వానలకు మట్టి జానెడు కిందికి దిగుతుంది. మళ్ళీ పైదాకా నింపండి. మొక్క చనిపోయిన టైరును వానాకాలం అంతా అలాగే వదిలివేయడం అన్నిటికన్నా చెడ్డది.

ఏ మొక్కలు, ఏవి కూడవు

బంతి, చేమంతి, మందారం, కనకాంబరం, మల్లె, తులసి నిస్సందేహంగా వేసుకోవచ్చు. నిమ్మగడ్డి కూడా టైరులో దుబ్బుకట్టి బాగా వస్తుంది.

గన్నేరు మాత్రం పాడి ఇంట వద్దు. నీళ్ళు పోయకపోయినా బ్రతుకుతుంది, ఏడాదంతా పూస్తుంది, పశువు ముట్టదు అని చాలామంది దానినే ఎంచుకుంటున్నారు. పచ్చి ఆకును పశువు సాధారణంగా ముట్టదన్నది నిజమే. కాని కొమ్మలు కత్తిరించి వాకిట పడవేస్తే ఎండిన ఆకు గడ్డిలో కలుస్తుంది, ఎండినా విషం పోదు. గుప్పెడు ఆకులు ఆవు గుండెను ఆపడానికి చాలు. ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు, పచ్చ గన్నేరు అన్నీ ఒకటే. రంగురంగుల పూలగుత్తుల లాంటానా కూడా పశువు కాలేయాన్ని చెడగొట్టే మొక్క. పాల కేంద్రం ముందు ఇవి ఇప్పటికే వున్నట్లయితే వేళ్ళతో తీసి, పశువు చేరని చోట గొయ్యి తీసి పూడ్చండి. పేడకుప్ప మీద వేయవద్దు, అక్కడికి పశువు వస్తుంది.

ఇక కూరగాయల సంగతి. టైరులో పాలకూర, కొత్తిమీర వేసుకోవచ్చా అని మహిళా సభ్యులు తరచుగా అడుగుతున్నారు. జింకు పేరు విని భయపడనవసరం లేదు. మన వరి పొలాలలో అది చాలకనే కదా ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేస్తున్నాము. అయితే పొలం వేరు, 30 లీటర్ల మట్టి వేరు. టైరులోనివి జింకుతో ఆగవు. రబ్బరు మెత్తబరచడానికి కలిపే కొన్ని నూనెలలో కాన్సరు కలిగించే పదార్థాలున్నందున యూరపు దేశాలు 2010 నుండి కొత్త టైర్లలో వాటికి పరిమితి పెట్టాయి. రబ్బరు చిట్లకుండా కలిపే మరొక రసాయనం గాలి తగిలి మారి, వాన నీటితో వాగులలో చేరి సాల్మన్ జాతి చేపలను చంపుతున్నట్లు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2020లో బయటపడింది. ఆకుకూరలు, దుంపలు మట్టిలోని లోహాలను కాయల కన్నా ఎక్కువగా తీసుకుంటాయి. ఇంటి వెనుక సెంటు నేల వున్న మనకు వాటిని టైరులో వేయవలసిన అవసరమేమిటి? నేల మీద మడి కట్టుకోండి. అంతగా చోటు లేకపోతే మట్టి కుండీలున్నాయి. టైర్లు పూలకు వదిలివేయండి. పశుగ్రాసానికి కూడా ఇదే మాట.

కొందరు కొత్తగా నాటిన వేప మొక్కకు, కానుగ మొక్కకు టైరును కడియం వలె వేస్తున్నారు. గేదె రాచుకోకుండా కాపాడుతుంది కనుక మొదటి ఏడాది మేలే. మొక్క ఎదిగి కొమ్మలు వేశాక అది పైనుండి రాదు. ఒక బడి ఆవరణలో టైరును మింగిన కానుగ చెట్టును చూశాము; తీయడానికి రంపం తప్ప మార్గం లేకపోయింది. తల ఎత్తు రాకముందే తీసివేయండి.

మిగిలిన టైర్లు

మొక్కలకు వాడగలిగినవి నాలుగైదు. మిగిలినవి ఏమి చేయాలి? కాల్చవద్దు. దోమలు పోతాయని సాయంత్రం పాక పక్కన సైకిలు టైరు ముక్కలు తగలబెట్టే అలవాటు కొన్ని ఊళ్ళలో వున్నది. ఆ నల్లపొగ మనిషికీ పశువుకూ ఊపిరితిత్తులకు చేటు, మసి మేత మీదా నీటి తొట్టి మీదా పడుతుంది. కాలిన బూడిదలో తీగ అంతా మిగిలి వుంటుంది, దానిని పేడకుప్పలో వేస్తారు, అది పొలానికి పోతుంది, అక్కడ మళ్ళీ గడ్డి మొలుస్తుంది. వేపాకు పొగ చాలు. గడ్డివాము దగ్గర టైర్లు పేర్చడం కూడా ప్రమాదం. టైరు అంటుకుంటే నాలుగు బిందెల నీటికి ఆరదు.

పాత టైర్లను తిరిగి వాడకానికి పనికివచ్చేలా చేయించే బాధ్యత తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద వుంచుతూ కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో నిబంధనలు తెచ్చింది. టైరు ముక్కలను పొడిచేసి రోడ్లకు, రబ్బరు చాపలకు వాడుతున్నారు. కనుక పాత సామాను వారికి వాటితో పని వుంటుంది. పారవేయకుండా అమ్మండి.

సంఘం వ్యాను టైర్ల విషయం వేరు. అవి సంఘ ఆస్తి. సంఘం 1964 చట్టం కింద నమోదైనదైనా, 1995 పరస్పర సహాయ చట్టం కిందదైనా లెక్క ఒకటే. కొత్త టైర్లు కొన్న బిల్లు పుస్తకంలో వుంటుంది, పాతవి ఏమైనవో ఎక్కడా వుండదు. అడిగితే పూలమొక్కలకు వాడామంటారు. వాకిట చూస్తే రెండే వుంటాయి. మార్చిన ప్రతి టైరును స్టాకు రిజిస్టరులో పనికిరాని వస్తువుల కింద రాయాలి. ఎన్ని మొక్కలకు వాడాలి, ఎన్ని అమ్మాలి అన్నది పాలకవర్గ సమావేశంలో తీర్మానించి మినిట్సులో చేర్చాలి. అమ్మేవాటిని నోటీసు బోర్డు మీద ప్రకటించి, సభ్యుల ఎదుట వేలం వేసి, వచ్చిన సొమ్ముకు రశీదు కోసి, ఆ రోజే నగదు పుస్తకంలో జమ చూపాలి. కార్యదర్శి ఇంటి ముందు పూసిన బంతిపూలను మేము తనిఖీలో లెక్కించము గాని, అవి ఏ టైరులో పూశాయో మాత్రం చూస్తాము.